అల్లూరు తీరమున జీపుల యాత్ర

మన దేశమున కొంతకాలముగా ఒక క్రొత్త వేడుక వ్యాపించుచున్నది. పదిమంది మిత్రులు కూడి, నాలుగైదు జీపులను సమకూర్చుకొని, రాజమార్గమును విడిచి, బండిబాటలను, ఏటి ఇసుకలను, అడవిదారులను, సముద్రపుటొడ్డును పట్టి వందలకొలది మైళ్ళు ప్రయాణము చేయుదురు. రాత్రులు డేరాలలో పరుందురు. తెచ్చుకొన్న సరకులతో తామే వండుకొందురు. బండి దిగబడినచో పారలతో త్రవ్వి, మోకులతో లాగి పైకి తీయుదురు. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణము లందు ఇందుకై సంఘములే వెలసినవి. చెన్నపట్టణమునుండి నెల్లూరు తీరము ఒకపూట ప్రయాణము. కావున అల్లూరు ఇసుకతిప్పలకు ఈ వేడుక దూరమున నున్నదని ఎవ్వరును తలపరాదు.

దీనిని గూర్చి పెద్దలలో రెండభిప్రాయములు వినబడుచున్నవి. ధనము హెచ్చిన యువకుల ఆటయని, పెట్రోలు పోసి ఇసుకను త్రొక్కుట తప్ప ఇందేమియు లేదని కొందరందురు. దేశమును చూచుటకు ఇంతకన్న మంచి సాధనము లేదని, కష్టసహనము, పరస్పరసాహాయ్యము దీనివలన అలవడునని మరికొందరందురు. మేము రెండవ పక్షము వారితో చాలవరకు ఏకీభవించుచున్నాము. కాని ఈ వాదమున ఉభయులును విడిచిన ప్రశ్న యొకటి కలదు. రోడ్డు లేని స్థలము ఎవరిది? అల్లూరు తీరమును దృష్టియందుంచుకొని ఆ ప్రశ్నను విచారింపదలచితిమి.

జీపు పుట్టినది యుద్ధము కొరకు. 1941 మొదలుగా అమెరికా సైన్యము కొరకు విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా ఈ బండ్లను చేసియిచ్చినవి. ఇంజను బలము వెనుక చక్రములకే గాక ముందు చక్రములకును అందుట, వేగమును తగ్గించి బలమును హెచ్చించు రెండవ గేరుపెట్టె యుండుట దీని విశేషములు. 1947లో బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ భాగములను కూర్చి జీపులను తయారుచేయ నారంభించిరి. 1952 అక్టోబరు 2వ తేదీని సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిమ్మట, బ్లాకు అధికారుల జీపు బండిబాటల మీదుగా పల్లెలకు చేరెను. ఆనాడు ఊరిబయట జీపు చప్పుడైనచో అధికారియో, ఎన్నికల అభ్యర్థియో వచ్చుచున్నాడని పల్లెవారు గ్రహించెడివారు. అనగా మన గ్రామములకు జీపు పనిమీద వచ్చిన బండి. 1985లో మారుతీ జిప్సీ, 2010లో మహీంద్రా థార్, 2020లో దాని క్రొత్తరూపము వెలువడిన తరువాతనే అది మధ్యతరగతి గృహస్థుని ముంగిట వేడుకబండిగా నిలిచినది.

బండి క్రొత్తదైనను, గుంపుగా కూడి దుర్గమమైన దారిని పోవుట మనకు క్రొత్తది కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీని కుటుంబముతోను, సుమారు నూరుమంది పరివారముతోను కాశికి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ, కాశి, గయలను సేవించి, తూర్పుతీరము వెంబడి 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను చదివినవారికి ఒక విషయము స్పష్టమగును. ఏ యూర మంచినీరున్నది, అంగళ్ళున్నవా, దారి రాతిదా ఇసుకదా, ఏరు దాటుటకు సాధనమేమి, అచ్చటి జనుల స్థితి యెట్టిది అను సంగతులను ఆయన దినదినమును వ్రాసిపెట్టెను. తాను నడచుచున్న నేలమీద మనుష్యులు బ్రతుకుచున్నారను ఎరుక ఆ గ్రంథమున అడుగడుగునను గానవచ్చును. నేటి జీపుయాత్రికునకు కావలసిన మొదటి గుణము అదియే.

ఈ యాత్రలు నడచు పద్ధతిని తెలియనివారికి కొంచెము వివరింతుము. ఒంటిబండితో పోవుట నిషిద్ధము. దిగబడిన బండిని లాగుటకు రెండవ బండి యుండి తీరవలెను. ముందుబండిలో దారి యెరిగినవాడును, కడపటిబండిలో అనుభవశాలియు నుందురు. ప్రతి బండివాడును తన ముందువానిని గాక వెనుకవానిని కనిపెట్టుచుండును. వెనుకబండి కనబడనిచో ఆగును. అతడాగగా అతని ముందువాడును ఆగును. ఇట్లు నిమిషములో గుంపంతయు నిలిచిపోవును. మిక్కిలి నిదానముగా పోగలవాని నడకయే గుంపు నడక. మెత్తని ఇసుకలో దిగుటకు ముందు టైర్లలోని గాలిని తీయుదురు. రోడ్డుమీద చదరపుటంగుళమునకు 30, 35 పౌనులుండు ఒత్తిడిని 15, 18 పౌనులకు దించినచో టైరు పరచుకొని, ఒంటె పాదమువలె బరువును ఎక్కువచోట పంచును. ఇసుకలో ఎక్కడను బ్రేకు త్రొక్కి ఆగరాదు, ఒడుపున మలుపు త్రిప్పరాదు. చక్రము గిరగిర తిరుగుచు బండి కదలనిచో వెంటనే ఇంజనును ఆపి పార తీయవలెను. మొండికి పోయి గ్యాసు త్రొక్కినవాడు ఇరుసువరకు దిగబడును.

ఇసుకకన్న మోసకరమైనది ఉప్పునేల. పైన ఎండి పలుకలుపలుకలుగా బీటలువారి రాయివలె కనబడును. క్రింద మోకాలిలోతు అడుసుండును. ఎడ్లబండిని తోలు రైతు ఆ నేలను రంగుచూచి గుర్తించును. పట్టణపు జీపువాడు దిగబడిన పిమ్మట గుర్తించును. అందుచేత స్థానికుడొకడు వెంట లేక ఈ తీరమున దిగుట అవివేకము. ఉప్పునీటిలో తడిసిన బండిని ఆనాడే మంచినీటితో కడుగనిచో తుప్పు పట్టి, ఏడాదిలో దాని అడుగుభాగము చెడిపోవుననుటయు జ్ఞాపకముంచుకొనదగినది.

ఇక ఆ తీరమును చూతము. అల్లూరు రోడ్డు స్టేషనులో దిగి తూర్పునకు పోవువానికి మొదట కనబడునవి పెన్నా నీటితో పండు వరిపొలములు. ఆ పచ్చదనము కొంతదూరము సాగి, క్రమముగా రొయ్యలగుంటలు, చవుటినేలలు, బకింగుహాము కాలువ వచ్చును. 1876–78 నాటి కరవులో కూలిజనముచేత పొడిగింపబడిన ఆ కాలువలో పూర్వము చెన్నపట్టణమునకు ధాన్యము, ఉప్పు, వంటచెరకు పడవలమీద పోయెడివి. దానికి తూర్పున ఇసుకపల్లి ప్రాంతపు ఉప్పుకొఠారులు, పట్టపువారి పాలెములు, సరుగుడుతోటలు, మొగలిపొదలు కలవు. వాని నడుమ ఇసుకతిప్పలు, ఆ వెనుక సముద్రము. పటమును చూచిన పరదేశికి కాలువకును సముద్రమునకును నడుమనున్న ఈ పట్టీ అంతయు ఖాళీస్థలముగా తోచును. జీపులు పరుగెత్తించుటకు దేవుడే పరచిన మైదానమని అతడనుకొనిన ఆశ్చర్యము లేదు.

కాని అచ్చట ఖాళీ అనునది లేదు. తడియిసుకమీద పట్టపువారు అలివివల లాగుదురు. అనగా పడవమీద వలను సముద్రములో చుట్టి, రెండు కొనలను ఒడ్డుననుండి పదులకొలది మనుష్యులు గంటలతరబడి లాగుదురు. ఆ మోకులు అడ్డముగా పరచియుండగా జీపు వానిమీదుగా పోయినచో ఒక కుటుంబపు పెట్టుబడి తెగిపోవును. పొడియిసుకమీద ఆడువారు చేపలనెండబోసికొందురు. తిప్పల పల్లమున రైతులు దొరువులు త్రవ్వుకొని నారుమళ్ళకును తోటలకును నీరు తోడుకొందురు. దొరువు మర్మము మన చదువరులలో భూవసతి కలవారందరకును తెలిసినదే. వానకు కురిసిన తియ్యనినీరు ఇసుకలో ఇంకి, క్రిందనున్న ఉప్పునీటికన్న తేలికయగుటచే దానిపై తేలియుండును. తిప్ప ఎత్తుగానున్నంతకాలము ఆ తియ్యనినీటి మట్టము నిలుచును. తిప్ప కరగినచో ఉప్పునీరు పైకివచ్చును.

తిప్పను నిలిపియుంచునది ఏది? ఇసుకకు స్వతస్సిద్ధముగా నిలకడ లేదు. రావణాసురుని మీసములని పిలువబడు ముండ్లగడ్డియు, బాలబంది తీగయు తమ వేళ్ళతోను, కాడలతోను దానిని పట్టియుంచుచున్నవి. గాలికి ఎగిరివచ్చిన ఇసుక ఆ గడ్డికి తగిలి ఆగును. గడ్డి దానిపైకి మరల పెరుగును. ఇట్లు సంవత్సరముల తరబడి తిప్ప ఎదుగును. ఆ గడ్డిమీద టన్నున్నర, రెండు టన్నుల బండి ఒక్కమారు ఎక్కి దిగినను కాడలు విరుగును. ఒకే చాలున అయిదు బండ్లు పోయినచో అచ్చట గడ్డి చచ్చి త్రోవ పడును. సముద్రపుగాలి ఆ త్రోవను పట్టుకొని ఇసుకను లోపలికి చిమ్ముచు గండి చేయును. జీపు పోయి నెలలు గడచినను గాలి పని సాగుచునే యుండును.

ఆ గండివలన ఎవరికి నష్టము? 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గర తీరము దాటినపుడు ఈ ప్రాంతమెట్టి దురవస్థ ననుభవించెనో పెద్దలు మరువలేదు. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ ఈ తీరమునే తాకెను. సునామీ పిమ్మట తమిళనాటి తీరమును పరిశీలించినవారు, ఎత్తైన తిప్పల వెనుకనున్న స్థలములకు నష్టము తక్కువైనట్లును, తిప్పలు తెగిన చోట్ల నీరు లోపలికి చొచ్చినట్లును కనుగొనిరి. అల్లూరు వరిపొలమునకు తూర్పుగట్టు ఆ తిప్పయే. తన గట్టున గండి కొట్టినవానిమీద దావా తెచ్చు రైతు, ఊరందరి గట్టును చక్రములక్రింద నలుగగొట్టుచుండగా వేడుక చూచుట తగునా?

మరియొక వాసి కలదు. శీతకాలమునుండి వేసవి ఆరంభమువరకు, ముఖ్యముగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలలో, ఆలివ్ రిడ్లీ అను సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి, పోటునీరందని ఇసుకలో మూరలోతు గుంట త్రవ్వి, నూరు గ్రుడ్లకు అటునిటుగా పెట్టి, పూడ్చి, మరలిపోవును. 45 మొదలు 60 దినములలో పిల్లలు పుట్టి సముద్రమువైపు ప్రాకును. బండిబరువుకు ఇసుక గట్టిపడినచో పిల్ల పైకి రాలేదు. పైకి వచ్చినను, చక్రపు చాలులో పడినచో బొటనవ్రేలంత ప్రాణికి అది కోటకందకమే, తెల్లవారునప్పటికి కాకులపాలగును. వెలుగున్న దిక్కును సముద్రమని భ్రమించు స్వభావము దానిది కావున, జీపు దీపములు దానిని భూమివైపునకు త్రిప్పును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేలును పులితో సమానముగా మొదటి షెడ్యూలున చేర్చినది. 2011, 2019 సంవత్సరముల తీరప్రాంత నిబంధనలు ఇసుకతిప్పలను, తాబేళ్ళు గ్రుడ్లుపెట్టు స్థలములను అత్యంత రక్షణీయమైన తరగతిలో నుంచినవి. కనుక తిప్పమీదికి బండినెక్కించుట వినోదమని చెప్పి తప్పించుకొనదగిన విషయము కాదు.

అలలు చాలులను తుడిచివేయునుగదా యని జీపుయాత్రికులు చెప్పు సమాధానమును మేమెరుగుదుము. అందు సగము నిజమున్నది. ఆటుపోట్ల నడుమనున్న తడియిసుకమీద పడిన జాడను ఆరుగంటలలో సముద్రము చెరిపివేయును. దానికి పైనున్న పొడియిసుకమీదను, తిప్పమీదను పడిన జాడకు అట్టి ప్రాయశ్చిత్తము లేదు. ఈ భేదమును గుర్తించుటయే ఈ విషయమున వివేకమునకు మొదలు.

తీరమునంటి దూరప్రయాణము చేయనెంచువారికి భూగోళమే మరికొన్ని హద్దులను విధించినది. అల్లూరునకు దక్షిణమున పెన్న సముద్రములో కలియుచున్నది. మైపాడు దాటినచో కృష్ణపట్టణపు రేవును, కండలేటి ఉప్పుటేరును అడ్డుపడును. ఆపైన స్వర్ణముఖి. అటుపిమ్మట 1971 అక్టోబరునుండి రాకెట్లు ఎగురుచున్న శ్రీహరికోట. అది అనుమతి లేనివారికి నిషిద్ధము. కనుక ఒడ్డువెంట ఎడతెగని ప్రయాణమనునది నెల్లూరు తీరమున కలలోనిమాట. మాటిమాటికి పడమరకు మరలి ఊళ్ళమీదుగా పోవలసినదే. ఊరివారితో ప్రసక్తి లేక ఈ యాత్ర సాగదు.

ఇతరదేశములు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నవో చూచుట మంచిది. దక్షిణాఫ్రికాలో సముద్రపుటొడ్డున మోటారులు నడుపుట జాతీయవినోదమువలె నుండెడిది. 2001 డిసెంబరులో నిబంధనలు చేసి, 2002 జనవరినుండి ఆ ప్రభుత్వము దానిని కొన్ని మినహాయింపులతో నిషేధించినది. పిమ్మట ఒడ్డున గూడుకట్టు ఎర్రముక్కు నల్లపక్షులు మరల వృద్ధిపొందినట్లు అచ్చటి పరిశోధకులు చూచిరి. ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండువారు మరియొక మార్గమును త్రొక్కిరి. వారి గరీ దీవిలో సొమ్ము చెల్లించి అనుమతిపత్రము పొందిన బండి మాత్రమే ఒడ్డున దిగవలెను. వేగమునకు హద్దు కలదు. పోటువేళకు రెండు గంటలు ముందును, రెండు గంటలు పిమ్మటను నడుపవద్దని హెచ్చరింతురు. ఒకరు తలుపు మూసిరి. ఒకరు తలుపునకు కావలి పెట్టిరి. మనము రెంటిలో నేదియు చేయక తలుపు తీసి నిద్రించుచున్నాము.

మన ఆంధ్రదేశముననే అనుసరింపదగిన మాదిరులు రెండు కలవు. విశాఖ మన్యమున బొర్రాగుహల సమీపమునున్న కటికి జలపాతమునకు రాళ్ళదారిని స్థానికులు తమ జీపులలోనే యాత్రికులను కొనిపోవుదురు. దారి వారిది, బండి వారిది, కూలి వారిది. శ్రీశైలమునుండి నల్లమలలోని ఇష్టకామేశ్వరికి పోవు భక్తులు అటవీశాఖవారి అనుమతితో, అలవాటుపడిన జీపులలో, నియమితమైన దారినే పోవుదురు. ఆ దారి కుదుపులను గూర్చి చెప్పుకొననివారు లేరు. అయినను భక్తులకు కొదువ లేదు. సాహసమునకు హద్దుండుటచేత రుచి తగ్గదని ఇందువలన తెలియుచున్నది.

కావున అల్లూరు తీరమున మేము కోరునది ఇది. తిప్పలమీదను, వాని వెనుకనున్న దొరువులమీదను ఏ బండియు ఎక్కరాదు. తాబేళ్ళ కాలమున, అనగా డిసెంబరునుండి మే మాసాంతమువరకు, ఒడ్డున బండ్లే దిగరాదు. తక్కిన మాసములలోనైనను రెవిన్యూ, అటవీ అధికారుల అనుమతిని, పంచాయతీ సమ్మతిని పొంది, పగటివేళ, ఆటుసమయమున, తడియిసుకమీద మాత్రమే, నడకకన్న కొంచెము హెచ్చు వేగముతో పోవలెను. ప్రతి గుంపువెంటను పాలెమునకు చెందినవాడొకడు దారిచూపువాడుగా నుండవలెను. అతనికి దినకూలి ముట్టవలెను. వల లాగుచున్నచోట బండ్లాగి, పని ముగియువరకు వేచియుండవలెను. ఆ గంటసేపు దిగి మోకు పట్టి లాగినచో, యాత్రికునకు ఒడ్డున పదిమైళ్ళు తిరిగిన దానికన్న ఎక్కువ సంగతి బోధపడును.

దూరయాత్రయే కోరువారికి మన జిల్లాలో పడమటిదారి తెరచియున్నది. అల్లూరునుండి కోవూరు, సంగము మీదుగా పెన్న వెంట పైకి పోయి, ఆత్మకూరు దాటి, మెట్టభూముల బండిబాటలను పట్టి ఉదయగిరి చేరవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గైకొన్న దుర్గము అది. అచ్చట జీపులను క్రింద నిలిపి కొండను కాలినడకన ఎక్కవలెను. దాని వెనుక వెలికొండలు, అటుపిమ్మట కడపసీమ. సముద్రపుటుప్పు నేలనుండి మాగాణి, మాగాణినుండి మెట్ట, మెట్టనుండి అడవి. మూడుదినములలో నాలుగు విధముల నేలలను, నాలుగు విధముల బ్రతుకులను చూచు భాగ్యము ఈ దారిలో కలదు. ఒకే నీటికొరకు డెల్టారైతును మెట్టరైతును ఏల వాదులాడుచున్నారో పుస్తకములలో చదువుటకన్న ఈ దారిని పోయి తెలిసికొనుట మేలు. అడవిలోనికి పోవుటకు మాత్రము అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

కడపట మన భూస్వాములకును పట్టణవాసులకును ఒక విన్నపము. ఈ జీపులు పరాయివారివి మాత్రమే కావు. మన యిండ్ల కుమారులే వానిని నడుపుచున్నారు. పొలములో పైరు త్రొక్కిన పశువును బందెలదొడ్డికి తోలు అలవాటు మనకున్నది. తిప్పను త్రొక్కిన బండిని అడ్డగించు అలవాటు ఇంకను రావలసియున్నది. కుమారుడు బండి తాళము తీసికొని బయలుదేరునపుడు ఎక్కడికని అడుగుటతో మన విధి తీరదు. ఎవరి నేలమీదుగా పోవుచున్నావు, ఎవరిని అడిగితివి అని కూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల యువకుని యాత్రను మేము మనఃపూర్వకముగా ఆశీర్వదింతుము. వానకాలము వెళ్ళి తాబేళ్ళ ఋతువు రాకముందే ఇసుకపల్లి మొదలగు తీరపు పంచాయతీలు కూడి ఈ నియమములను తీర్మానించి, దారిమొగలలో పలకలు నాటించునని ఆశించుచున్నాము.